పదహారు తలకట్లు

మెట్ల కింది డబ్బాలో చీటీ సోమవారం మూడో పీరియడ్‌లో దొరికింది. దొరకగానే టీచర్ చేసిన పని దాన్ని దిద్దడం.

కావాలని చేయలేదు. ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్న మనిషి. చేతికి ఏ కాగితం వచ్చినా ఎర్రపెన్ను మూత దానంతటదే ఊడేది. ఇంట్లో సరుకుల జాబితాను దిద్ది భర్త చేతిలో పెట్టిన రోజులున్నాయి. పిల్లలు చాటుగా ఆమెను ఎర్రపెన్ను అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

గళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసిన చీటీ. అక్షరాలకు తలకట్లు లేవు. తకు లేదు, రకు లేదు, గకు లేదు. ఆమె నిలబడే, డబ్బా మీద కాగితం ఆనించి, ఒక్కో అక్షరం నెత్తిన ఒక్కో తలకట్టు పెట్టుకుంటూ పోయింది. పదహారు పెట్టింది. చివర మార్కు వేయడానికి చోటు చూస్తుండగా చెయ్యి ఆగింది. అప్పుడు చదివింది.

'తరగతి గదిలో అడుగు పెట్టగానే ఊపిరాడటం లేదు. ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఇంక నా వల్ల కాదు.'

పేరు లేదు. తేదీ లేదు. ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది.

డబ్బా అక్కడికి వచ్చి రెండు నెలలైంది. అంతకుముందు అది ఆఫీసు గోడకు సలహాల పెట్టెగా ఉండేది. దానికి నీలం రంగు వేసి, 'మనసులో మాట' అని రాసి, మెట్ల కింద బిగించారు. ప్రతి బడిలోనూ పిల్లల మనసు కనిపెట్టుకుని ఉండే టీచరు ఒకరుండాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పెద్ద మేడం టైంటేబుల్ ముందేసుకుంది. మిగతా అందరికీ వారానికి ముప్పై నాలుగు పీరియడ్లు, తెలుగు టీచరుకు ముప్పై మూడు.

"మీకు ఒకటి ఖాళీ ఉంది కదమ్మా" అంది పెద్ద మేడం. ఎంపిక అంతటితో అయిపోయింది.

ఒక రోజు శిక్షణ ఇచ్చారు. ఒక ఫైలు, ఒక బ్యాడ్జీ, యాభై ఫారాలు చేతిలో పెట్టారు. మాట్లాడుకోవడానికి ఆటల సామాను గదిలో రెండు కుర్చీలు వేశారు. వలలు, బంతులు, మధ్యలో కుర్చీలు. రెండు నెలల్లో డబ్బాలో పడినవి: చూయింగ్ గమ్ నాలుగుసార్లు, తెలుగు హోంవర్కు తగ్గించమని ఐదు చీటీలు, డ్రిల్ సారుకి పెళ్లెప్పుడు అని రెండు, 'ఎర్రపెన్ను డౌన్ డౌన్' అని ఒకటి. ఆ చివరి దాంట్లో ఒక దీర్ఘం తప్పు పడింది. ఆమె దాన్నీ దిద్దింది.

ఇప్పుడు ఇది పడింది.

పెద్ద మేడం చీటీ చదివి కళ్లజోడు తీసింది. "ఎవరో తెలియాలి. శుక్రవారానికల్లా ఫారం నింపి నా బల్ల మీద పెట్టండి. ఈలోగా ఏమన్నా అయితే అందరం ఇరుక్కుంటాం."

ఏమన్నా అయితే. ఆ మాట టీచరు చెవిలో నాలుగు రోజులు ఉండిపోయింది.

గళ్ళ కాగితం లెక్కల నోటుపుస్తకంలోది. అలాంటివి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల దగ్గర ఉంటాయి. తరగతికి రెండు సెక్షన్లు. మొత్తం మూడు వందల పన్నెండు మంది. మూడు వందల పన్నెండు తెలుగు నోటుపుస్తకాలూ ఆమె దగ్గరకే వస్తాయి. తలకట్టు ఎవరు పెడతారో, ఎవరు ఎగ్గొడతారో వాటిలో తేలుతుంది. ఆడపిల్ల రాసిందా మగపిల్లాడు రాశాడా అన్నది మాత్రం చీటీలో తేలదు. 'నా వల్ల కాదు' అనే మాట ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. ఆడో మగో అన్నంతవరకే ఆమె ఆలోచించింది. వయసు సంగతి తట్టలేదు. పిల్లల డబ్బాలో పడింది కాబట్టి పిల్లలదే అనుకుంది.

సాయంత్రం ఆఖరి గంట కొట్టాక స్టాఫ్ రూం బల్ల మీద పుస్తకాలు పేర్చుకుంది.

"ఏంటి టీచరమ్మా, కోట కడుతున్నారా?"

లెక్కల మాస్టారు. యాభై రెండేళ్లు. భాగహారం చేయించిన ప్రతిసారీ "శేషం ఎంత?" అని అడుగుతాడు కాబట్టి బడి మొత్తానికి ఆయన శేషం మాస్టారు. పదకొండేళ్లుగా ఆమె పక్క కుర్చీ ఆయనది. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్లు ఎవరెవరికి పంచాలో రాసే సర్దుబాటు పని కూడా ఆయనదే. ఉదయం తొమ్మిదింటికల్లా ఒక కాగితం గోడకు అంటిస్తాడు. నలుగురూ దాని ముందు నిలబడి ఆయన్ని తిట్టుకుంటారు.

ఆమె చీటీ చూపించింది. ఆయన దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు.

"దీన్ని దిద్దారా?"

"అలవాటు మాస్టారూ. చదవకముందే చెయ్యి పోయింది. నాకే తల తీసేసినట్టుంది."

"ఎన్ని మార్కులేశారు?"

"మాస్టారూ!"

"ఊరికే అన్నాన్లెండి. మీ తలకట్టూ మా రైటు గుర్తూ ఒకలాగే ఉంటాయి కదా. పదహారు రైట్లు. ఫస్టు క్లాసు." చీటీ తిరిగి ఇచ్చి కుర్చీ లాక్కున్నాడు. "ఏ సెక్షను నాకు?"

"మీకెందుకండీ ఈ గోల? ఇంటికి వెళ్లండి."

"ఇంట్లో మా అక్క తప్ప ఎవరున్నారు? ఆవిడ టీవీ చూసుకుంటుంది. ఇటివ్వండి."

సోమవారం నూటనాలుగు పుస్తకాలు చూశారు. మంగళవారం మరో నూటనాలుగు. ఆయన ఒక్కో పేజీ తిప్పి, గళ్ళ కాగితం పక్కన పెట్టి చూసి, "కాదు" అని పక్కకు తోసేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

"దొరికితే ఏం చేస్తారు?" అని అడిగాడు మంగళవారం, పుస్తకం మూస్తూ.

"కూర్చోబెట్టి మాట్లాడతాను."

"ఏం మాట్లాడతారు?"

ఆమె ఫైలు వైపు చూసింది. "నిదానంగా వినమన్నారు. తర్వాత ఫారం నింపాలి. తల్లిదండ్రుల్ని పిలిపించాలి."

"తల్లిదండ్రులు లేనివాళ్లయితే?"

"అలాంటి పిల్లలు మన దగ్గర నలుగురే ఉన్నారు. వాళ్లవి నిన్ననే చూశాను మాస్టారూ. వాళ్లు కాదు."

"ఓహో" అన్నాడాయన. మరో పుస్తకం తీసుకున్నాడు.

బుధవారం తొమ్మిది బి పుస్తకాల్లో దొరికింది. లెక్కకు నలభై ఏడో పుస్తకం. పేజీలకు పేజీలు తలకట్లు లేవు. ఆ అమ్మాయిని తోటివాళ్లు పిచ్చుక అంటారు. ఆఖరి బెంచీ. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు.

ఆటల సామాను గదిలో ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఏమ్మా, ఈ చీటీ నువ్వేనా?"

"కాదు టీచర్."

"నేనేం అననురా తల్లీ. నిజం చెప్పు."

"నిజంగా కాదు టీచర్. నేను డబ్బాలో ఎప్పుడూ ఏం వెయ్యలేదు."

"మరి తలకట్లు ఎందుకు పెట్టవు?"

పిచ్చుక తన చేతుల వైపు చూసుకుంది. "మీరు డిక్టేషన్ స్పీడుగా చెబుతారు కదా టీచర్. పెడితే వెనకబడిపోతాను."

శిక్షణలో చెప్పిన మాట ఒకటి ఆమెకు బాగా గుర్తుంది: రాసినవాళ్లు మొదట ఒప్పుకోరు. కాదంటున్న కొద్దీ ఈ పిల్లే అనిపించింది. ఫారం నింపింది. పేరు, తరగతి, తండ్రి ఫోను నంబరు. 'గమనించిన లక్షణాలు' అన్నచోట 'మౌనం' అని రాసింది.

గురువారం పదకొండింటికి తండ్రి వచ్చాడు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కాతోనే ఉన్నాడు. ఆఫీసు గదిలో మొదలైన గొంతు వరండా దాకా వచ్చింది.

"మా పిల్లకి మతి లేదంటారా? ఎవరు చెప్పారు మీకు? కాగితం మీద ఎక్కించేస్తారా? రేపు దానికి ఎవడన్నా ఉద్యోగం ఇస్తాడా?"

"అయ్యా, అలా కాదండీ, మేం సాయం చేద్దామని..."

"సాయమా! ఏమే, నువ్వు రాశావా? చెప్పు! రాశావా?"

"లేదు నాన్నా."

"మరి వీళ్లెందుకంటున్నారు?"

తొమ్మిది బి కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. అరుపులకి పదో తరగతి కూడా బయటికొచ్చింది. తండ్రి కూతురి సంచి తీసుకుని, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించుకుపోయాడు. పిచ్చుక వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె చెప్పు ఒకటి వరండాలో ఊడిపోతే దాని కోసం కూడా ఆగలేదు. ఆయమ్మ ఆ చెప్పు తీసి ఆఫీసు గుమ్మం పక్కన పెట్టింది.

టీచరు స్టాఫ్ రూంలోకి వచ్చేసరికి శేషం మాస్టారు బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ పిల్ల కాదేమో టీచరమ్మా."

"మీకెలా తెలుసు?"

ఆయన నోరు తెరిచాడు. గంట కొట్టారు. డస్టరు, సుద్దముక్క తీసుకున్నాడు. "ఊరికే అన్నాను" అని క్లాసుకు వెళ్లిపోయాడు.

శుక్రవారం ఉదయం గోడ మీద సర్దుబాటు కాగితం లేదు. అందరూ ఆ ఖాళీ గోడ ముందే కాసేపు నిలబడ్డారు. పదింటికి పెద్ద మేడం పిలిచింది.

"శేషం మాస్టారు సెలవు చీటీ పంపాడమ్మా, వాళ్ల పక్కింటాయన చేత. సెలవు ఫారాలు అయిపోయినట్టున్నాయి, తెల్ల కాగితం మీద రాశాడు. అక్షరాలన్నీ బోడిగా ఉన్నాయి. ఎన్ని రోజులో నాకు అర్థం కాలేదు. మీరు చూడండి."

ఎప్పుడూ అచ్చు ఫారంలో గుర్తు పెట్టి సంతకం చేసేవాడు. సర్దుబాటు కాగితంలో అంకెలు మాత్రమే ఉండేవి. బోర్డు మీదా అంకెలే. పదకొండేళ్లు పక్క కుర్చీలో కూర్చుని, ఆయన రాసిన వాక్యం ఆమె అప్పటిదాకా ఒక్కటి కూడా చూడలేదు.

'ఆరోగ్యం సరిగా లేనందువలన తరగతులకు రాలేకపోతున్నాను.'

తకు లేదు. రకు లేదు. గకు లేదు.

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. పెద్ద మేడం "ఎన్ని రోజులట?" అని అడుగుతూనే ఉంది. టీచరు అప్పటికే మెట్లు దిగుతోంది.

మాస్టారి ఇంటి తలుపు అక్కగారు తీసింది. టీచర్ని ఎప్పుడూ చూడకపోయినా చెయ్యి పట్టుకుంది.

"పొద్దున తయారయ్యాడమ్మా. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, బూట్లు తొడుక్కున్నాడు, గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ వచ్చి పడుకున్నాడు. బూట్లు విప్పనివ్వట్లేదు. ఏరా అంటే పలకట్లేదు. మూడు నెలల్నుంచి అన్నం దగ్గర కూడా ఇంతే, కెలికి లేచిపోతాడు. బడి బెంగేమో అనుకున్నాను, చిన్నప్పుడూ ఇలాగే చేసేవాడు."

ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి మీద బూట్లు.

"మాస్టారూ."

ఆమె ఇంకాస్త దగ్గరకు వెళ్లింది.

"మాస్టారూ, నేను. టీచరమ్మని."

"దొరికానా?" అన్నాడు గోడతో.

ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "నా పక్కనే కూర్చుని వెతికారు. మూడు రోజులు. ఒక్క మాట అంటే సరిపోయేది కదండీ."

"మీరు పిల్లల కోసం వెతుకుతున్నారు టీచరమ్మా. అన్ని పుస్తకాలు ముందేసుకుని. అంతా చేసి పిల్ల దొరక్కుండా నేను దొరికితే ఏం బాగుంటుంది? గుండు మీద నాలుగు వెంట్రుకలు కూడా లేనివాణ్ణి."

"మరి చీటీ ఎందుకు వేశారు?"

"ఎవరన్నా చదువుతారనుకున్నా. మీరు దిద్దారు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటింట్లో అక్కగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వస్తోంది.

"ముప్పై ఏళ్లు అదే గదిలోకి వెళ్లాను" అన్నాడాయన. "ఇప్పుడు గడప దగ్గర గుండె పట్టేస్తోంది. యాభై రెండు మొహాలు నన్ను చూస్తాయి. సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. వెనక్కి తిరిగి రాసుకుంటూ పోతాను, వాళ్లకి కనపడకూడదని. స్టాఫ్ రూంలో చెబితే ఏమంటారో నాకు తెలుసు. లెక్కల మాస్టారికి లెక్క తప్పిందంటారు. నేనైనా అదే అంటాను."

"నేననేదాన్ని కాదు."

"అనేవారు. నవ్వించడానికే అనుకోండి."

ఆమె కాదనలేకపోయింది.

"ఆ పిల్ల కోసం నిన్న చెబుదామనే లేచానండీ. వాళ్ల నాన్న అరుస్తున్నాడు. నేను రాశానయ్యా, దాన్ని వదిలెయ్యి, అంతే కదా అనాల్సింది. కాళ్లు రాలేదు. బల్ల పట్టుకుని నిలబడ్డాను. మీరు లోపలికొచ్చారు. అప్పుడూ చెప్పలేదు." మొదటిసారి ఇటు తిరిగాడు. "ఆ పిల్ల వచ్చిందా ఇవాళ?"

"రాలేదు."

మళ్లీ గోడ వైపు తిరిగాడు.

కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి, అంతా సర్దుకుంటుంది, మీరొక్కరే కాదు, చాలామందికి ఇలా ఉంటుంది అని ఆమె చెప్పుకుంటూ పోయింది. అవి ఫైలులో ఉన్న మాటలని సగంలో గుర్తొచ్చింది. అయినా ఆపలేదు. వేరే మాటలు రాలేదు.

"శేషం ఎంత టీచరమ్మా?" అన్నాడు. "అన్నీ తీసేస్తే?"

ఆమె దుప్పటి అంచు సర్దింది.

"మీకు లెక్కలు రావులెండి. వదిలెయ్యండి."

వెళ్లే ముందు అక్కగారికి చెప్పింది: ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, డాక్టరుకు చూపించాలి, నేనే కనుక్కుంటాను. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి ఫోను చేసింది. మనసుకు సంబంధించిన డాక్టరు వారానికి ఒక రోజే వస్తాడట. నలభై రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. ఇంకా ముందు కుదరదా అని అడిగితే, "అందరూ అర్జెంటే అంటారమ్మా" అంది అవతలి గొంతు. రోజూ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి ఆ స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. కొన్ని రోజులు బూట్లు విప్పి ఉండేవి. కొన్ని రోజులు విప్పి ఉండేవి కావు.

మాస్టారి పేరున ఫారం నింపే సంగతి పెద్ద మేడం దగ్గర ఎత్తింది.

"టీచర్లకి ఈ ఫారం కుదరదమ్మా. 'తరగతి' అన్నచోట ఏం రాస్తారు? 'తల్లిదండ్రుల సంతకం' అని ఉంది, ఎవరి చేత పెట్టిస్తారు? ఆయన లాంగ్ లీవ్ పెట్టుకోవచ్చు. అది వేరే ఫారం." గొంతు తగ్గించింది. "నాకు మాత్రం నిద్ర పడుతోందనుకున్నారా? నేను ఏ డబ్బాలో వెయ్యను?"

తర్వాత పెద్ద మేడం మాస్టారి పీరియడ్లు పంచింది. తొమ్మిది బి నాలుగో పీరియడ్ టీచరుకు వచ్చింది. ముప్పై మూడు ముప్పై నాలుగైంది. అందరితో సమానమైంది.

పిచ్చుక వాళ్ల నాన్నకు టీచరు ఫోను చేసింది. "మీ అమ్మాయి రాయలేదండీ. పొరపాటు నాదే. క్షమించండి."

"మరి ఎవరు రాశారు?"

"అది చెప్పకూడదండీ."

"చెప్పలేరు కదా. మా పిల్ల పేరైతే ఊరంతా వినేలా చెప్పారు." పెట్టేశాడు.

ఆ అమ్మాయి నాలుగు రోజుల తర్వాత బడికి వచ్చింది. అప్పటికి పిచ్చుక అన్న పేరు పోయింది. అందరూ 'డబ్బా' అంటున్నారు. మెట్ల కింద నుంచి ఆమె వెళ్తుంటే ఒకడు డబ్బా మీద దరువు వేసేవాడు, మిగతావాళ్లు పకపకా నవ్వేవారు. టీచరు రెండుసార్లు వాళ్లను నిలబెట్టి తిట్టింది. దాంతో దరువు టీచరు లేనప్పుడు మొదలైంది. ఒక రోజు తరగతిలో అందరి ముందూ "ఆ చీటీ ఈ అమ్మాయిది కాదు, నేనే పొరపాటు పడ్డాను" అని చెప్పింది. యాభై ఒక్క తలలు ఆఖరి బెంచీ వైపు తిరిగాయి. ఆ అమ్మాయి బల్ల మీద తల పెట్టుకుంది. చెప్పకుండా ఉంటే బాగుండేదని టీచరుకు అప్పుడు అర్థమైంది.

ఇంకోసారి ఇలాంటి గందరగోళం రాకూడదని, డబ్బా మీద 'విద్యార్థులకు మాత్రమే' అని రాయించమని పెద్ద మేడం చెప్పింది. "మీ దస్తూరీ బాగుంటుంది, మీరే రాయండి" అంది. టీచరు తెల్లరంగు కుంచెతో ఒత్తులూ తలకట్లూ చూసుకుంటూ రాసింది. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు. అది ఆమెను ఇంటికి వెళ్లాక బాధించింది.

రెండు వారాల తర్వాత సోమవారం డబ్బా తెరిచింది. ఒకే చీటీ ఉంది. తెలుగు నోటుపుస్తకంలోని గీతల కాగితం. నాలుగు మడతలు.

ఎర్రపెన్ను చేతిలోనే ఉంది. దాన్ని మెట్టు మీద పెట్టి చీటీ విప్పింది.

'ఆ చీటీ నేను రాయలేదు టీచర్. ఇది నేనే రాస్తున్నాను. ఇప్పుడు నాకు కూడా ఊపిరాడటం లేదు.'

ప్రతి తలకట్టూ పెట్టి ఉంది. పెన్ను ఎంత నొక్కి పెట్టిందంటే ఒకటి రెండు చోట్ల కాగితం చిరిగింది. ఎక్కడా తప్పు లేదు.

నాలుగో పీరియడ్ గంట కొట్టారు. ఆమె చీటీ పిడికిట్లో పెట్టుకుని మెట్లెక్కి తొమ్మిది బి గుమ్మం దగ్గరకు వెళ్లింది. గడప మీద ఆమెకు ఊపిరి అందలేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుంది. పిల్లలంతా లేచి ఒక్క గొంతుతో గుడ్ మార్నింగ్ చెప్పారు. ఆఖరి బెంచీలో అమ్మాయి లేవలేదు. ముందు బెంచీవాడు వెనక్కి తిరిగి, "ఏయ్ డబ్బా, లే" అన్నాడు. ఎవరో నవ్వారు.

ఏం మాట్లాడతారు, అని అడిగాడు మాస్టారు ఆ రోజు. ఇప్పటికీ ఆమెకు తెలియదు. బెంచీల మధ్య నుంచి నడవడం మొదలుపెట్టింది.